తొమ్మిదో వరుస

జనవరి ఇరవై మూడు, మంగళవారం. పొద్దున ఎనిమిదీ పదికి ఠాణాలో ఫోన్ మోగింది.

"మరెషాల్లో, నేను క్లేలియా అవెట్టాని. పదకొండున్నరకి ఆ కెప్టెన్ మా ఇంటికొస్తున్నాడు, సంతకాలకి. నువ్వు పదింటికే రా."

"దేనికత్తా?"

"ద్రాక్ష చూద్దువుగాని."

"నాకు ద్రాక్ష చూపించడానికి పిలుస్తున్నారా?"

"పదకొండేళ్ళ నుంచి ఈ ఊళ్ళో ఉంటున్నావు. మా ఎర్బలూచె ద్రాక్ష అంటే ఏంటో నీకు తెలీదు. సిగ్గుగా లేదూ. పదింటికి రా."

ఫోన్ పెట్టేసింది.

మరెషాల్లో రెమో కరెంజో రిసీవర్ దించి గడియారం చూశాడు. ఆయన ఆ ఊరి ఠాణాకి అధికారి. పుట్టింది వెర్చెల్లి వైపు, వరిపొలాల మధ్య. తల్లి మోకాళ్ళలోతు నీళ్ళలో నాట్లు వేసిన మనిషి. కడుపులో పుండు ఉండబట్టి ఇరవయ్యో ఏటి నుంచి వైను చుక్క ముట్టలేదు. ద్రాక్ష తప్ప ఇంకో మాట తెలియని ఊరికి అలాంటివాణ్ణి వేయడం ప్రభుత్వం ఆడిన పెద్ద పరాచికమని జనం నవ్వుకునేవారు. వెనకాల ఆయన పేరు 'నీళ్ళ మరెషాల్లో'.

కానీ ఊరంతా అత్తా అని పిలిచే డెబ్బై తొమ్మిదేళ్ళ క్లేలియత్త పరాచికానికి ఫోన్ చేసే మనిషి కాదు. పైగా ఇవాళ.

ఎందుకంటే ఇవాళ్టితో ఫుల్వియో జానెట్టో కేసు మూతపడుతుంది.

ఫుల్వియో ద్రాక్షతోటల తెగుళ్ళు పరీక్షించే నిపుణుడు. నలభై నాలుగేళ్ళవాడు. సెప్టెంబరు ఇరవై ఒకటి, గురువారం, సాయంత్రం మూడూ యాభైకి బతీస్తా అనే రైతు తోటలోంచి బయల్దేరుతూ, "పైన అవెట్టా వాళ్ళింటికి వెళ్తున్నా" అన్నాడు. కారులో ఆరేడు నిమిషాల దూరం. ఆ తర్వాత అతన్ని చూసినవాళ్ళు లేరు. నాలుగూ ముప్ఫై అయిదుకి ఫోన్ ఆగిపోయింది. ఆరూ యాభైకి అతని బూడిదరంగు కారు కివాస్సో రైల్వే స్టేషన్ ముందు ఆగినట్టు కెమెరాలో ఉంది. నడిపినవాడి మొహం టోపీ చాటున ఉండిపోయింది.

కేసు జిల్లా కేంద్రం నుంచి వచ్చిన కెప్టెన్ దారియో స్పాల్లా చేతికి వెళ్ళింది. భార్య నివెస్‌తో గొడవలున్నాయి, రైలెక్కి ఎటో పోయాడు అని కెప్టెన్ మూడో వారానికే తేల్చేశాడు. అవెట్టా ఇంట్లో ఉండేది ఇద్దరే, క్లేలియత్త, ఆవిడ కొడుకు ఒరెస్తే. ఫుల్వియో తమ ఇంటికి రానేలేదని ఇద్దరూ చెప్పారు. ఆ రోజు మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఏడు దాకా అటకమీద ద్రాక్ష కట్టామని, ఒకరి కళ్ళముందు నుంచి ఒకరు కదల్లేదని రాసి సంతకాలు పెట్టారు.

కరెంజోకి ఆ కాగితం మొదటిరోజు నుంచీ మింగుడు పడలేదు. కానీ అందులో తప్పు ఇదీ అని చూపించగలిగింది ఏదీ లేదు.

సరిగ్గా పదింటికి అవెట్టా ఇంటి పెరట్లో కారు ఆపాడు. కొండవాలు తోటలో ఒరెస్తే ఒక్కడే తీగలు కత్తిరిస్తున్నాడు. కారు చూసి ఒకసారి నడుమెత్తాడు. మళ్ళీ వంగాడు.

క్లేలియత్త వంటింటి గుమ్మంలోనే నిలబడి ఉంది. పొట్టి మనిషి. గౌను మీద నల్ల ఉన్నికోటు. చేతిలో చిన్న గ్లాసు, అందులో లేత గడ్డిరంగు వైను.

"అత్తా, నా కడుపు సంగతి మీకు తెలుసు."

"తాగమన్నానా? వాసన చూడు."

చూశాడు. పచ్చి యాపిల్ కొరికితే వచ్చే వాసన. దాని వెనక కోసిన గడ్డి వాసన. ఏమనుకున్నాడో, నాలిక తడిపాడు. పుల్లగా, చల్లగా, కత్తిమొనలా తగిలింది.

"పులుపు," అన్నాడు.

"అదే దీని గుణం. ఎంత పండినా, ఎంత ఎండినా ఆ పులుపు చావదు. తీపి ఎక్కిన కొద్దీ లోపల పులుపు అలాగే కూర్చునుంటుంది. పద, పైకి."

అటకకి చెక్కమెట్లు. నిట్టనిలువుగా ఉన్నాయి. కింద రాతినేల, పైన మనిషి పట్టేంత నలుచదరపు కంత. ఆవిడ ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చెయ్యి మోకాలి మీద ఆనించి, ఒక్కో మెట్టూ ఎక్కింది. కరెంజో వెనకే ఎక్కాడు.

పైన చలి. రెండువైపులా కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. దూలాల నుంచి నేలదాకా ఇనపతీగ చట్రాలు వేలాడుతున్నాయి, వాటినిండా కొక్కేలు, కొక్కేల నిండా ద్రాక్షగుత్తులు. ఒక చట్రం ఒక వరుస. మొత్తం పద్నాలుగు. మధ్యలో మనిషి పక్కకి తిరిగి దూరేంత సందు. తేనె వాసన, దానికింద లీలగా బూజు వాసన.

"ఇవి ఫిబ్రవరి ఆఖరుకి పిండుతాం, తియ్యవైనుకి," అంది క్లేలియత్త. మొదటి వరుసలో ఒక గుత్తిని అరచేతిలోకి తీసుకుంది. "ముందు రంగు చూడు. ఏ రంగు?"

"రాగి రంగు."

"పూర్తిగానా?"

కరెంజో గుత్తిని తిప్పి చూశాడు. గింజ ఒకవైపు రాగిరంగు, రెండోవైపు పసుపుపచ్చ.

"ఇది తెల్లద్రాక్షే. కానీ ఎండ తగిలిన వైపు ఇలా వేగుతుంది. తగలనివైపు పచ్చగానే ఉండిపోతుంది. ఇది చెట్టుమీద ఉండగా వచ్చే రంగు. కోశాక రాదు. నువ్వు ఇక్కడ నూరేళ్ళు వేలాడదీసినా రాదు. అర్థమైందా?"

"అయింది."

"ఎండబెట్టడానికి వేగినవే కోస్తాం. పందిరికి దక్షిణం అంచున, గింజకీ గింజకీ మధ్య గాలాడే వదులు గుత్తులు. పందిరి లోపల నీడలో పచ్చివి ఉంటాయి చూశావా, అవి ఇక్కడ కట్టకూడదు. నలభై రోజుల్లో బూజు పట్టి పక్కవాటిని కూడా చంపుతాయి. బుర్రున్నవాడెవడూ కట్టడు."

"ఎప్పుడు కడతారు?"

"కోసిన మర్నాడే. పెట్టెలో ఉంచితే నలిగి పులిసిపోతుంది."

"ఎలా కడతారు?"

"పైనుంచి కిందికి. ఎప్పుడూ పైనుంచే. కిందివి ముందు కడితే, పైన కట్టేప్పుడు రాలిన గింజ కింది గుత్తిలో ఇరుక్కుని కుళ్ళుతుంది. పైవి ఒరెస్తే కడతాడు, నిచ్చెనేసుకుని. కిందివి నేను. తుంటి విరిగినప్పట్నుంచి నేను నిచ్చెన ఎక్కను."

"అంటే ఆ రోజు కూడా అలాగే..."

"ఆ రోజు సంగతి కాగితంలో ఉంది. చదువుకో," అంది క్లేలియత్త. గొంతులో కోపం లేదు. "నేను ద్రాక్ష గురించి చెప్తానన్నాను. మనుషుల గురించి చెప్తాననలేదు."

కరెంజో ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ చూపు తిప్పుకోలేదు. ప్రశ్న ఎలా అడగాలో ఆయనకి అప్పుడు తట్టింది.

"అత్తా, ఒకే రోజు కట్టిన పండు అంతా ఒకేలా ఎండుతుందా?"

ఆవిడ కంత పక్కన బోర్లించి ఉన్న పెట్టె దగ్గరికి నడిచి, వరుసలకి వీపు తిప్పి కూర్చుంది.

"ఒకే రోజు కట్టిన వరుసలు కవలలు," అంది గోడ వైపు చూస్తూ. "నేనిక్కడ కూర్చుంటా. నువ్వు నిదానంగా చూసుకో. ఒక్కోటీ చూడు."

కరెంజో కోటు విప్పి కిటికీకి తగిలించాడు. టార్చి తీశాడు. ఒకటో వరుస. రాగిరంగు, ముడతలు, ఎండుద్రాక్షకి ఒక అడుగు ఇవతల. రెండు, మూడు, నాలుగు, అంతే. చట్రం పైకొక్కెం నుంచి కిందికొక్కెం దాకా తేడా లేదు. ఎనిమిదో వరుస వరకూ కవలలే.

తొమ్మిదో వరుస దగ్గర ఆగాడు.

కింది సగం అలాగే ఉంది, రాగిరంగు, ముడతలు. పై సగం మాత్రం వేరు. గుత్తులు బిగువుగా, గింజలు లావుగా, ఎటు తిప్పినా పచ్చగా ఉన్నాయి. ఒకదానిమీద బూడిదరంగు బూజు.

పది నుంచి పద్నాలుగు దాకా మొత్తం పచ్చవే. చాలాచోట్ల కుళ్ళినవి తీసేసిన ఖాళీ కొక్కేలు. మేకుకి వేలాడుతున్న త్రాసు తీసి, ఒకే పొడుగున్న రెండు గుత్తులు చూసి తూచాడు. మూడో వరుసది నూట నలభై గ్రాములు. పన్నెండోది రెండువందల ముప్ఫై.

వేళ్ళమీద లెక్క వేశాడు. కెప్టెన్ రిపోర్టు ప్రకారం వరుసకి అరగంట. ఎనిమిది వరుసలు నాలుగు గంటలు. పన్నెండుకి మొదలుపెడితే సాయంత్రం నాలుగు. ఫుల్వియో కారు ఈ పెరట్లోకి వచ్చే వేళ.

తొమ్మిదో వరుస సగంలో పని ఆగింది. ఆ రోజు మళ్ళీ మొదలు కాలేదు. మిగిలిన అయిదున్నర వరుసలు ఇంకెప్పుడో, చేతికందిన పచ్చిపండుతో నింపారు. ఎండడానికి కాదు. అటక నిండుగా కనపడటానికి.

"అత్తా, ఈ చివరి వరుసలు ఎప్పుడు కట్టారు?"

"నేను సంతకం పెట్టిన కాగితంలో ఏముందో అదే."

"అందులో అన్నీ ఒకే రోజు కట్టామని ఉంది."

"ఉంది కదా."

"అది నిజమేనా?"

ఆవిడ కోటు జేబులోంచి రుమాలు తీసి, మడిచి, మళ్ళీ జేబులోనే పెట్టుకుంది. కొడుకుని పట్టివ్వడానికి ఒక తల్లి తనకి పాఠం చెప్పిందని కరెంజోకి అర్థమయింది.  ఎందుకు చెప్పింది? నాలుగు నెలలు నోరు కుట్టుకుని ఇవాళే ఎందుకు?

పదకొండూ అయిదుకి పెరట్లో జీపు ఆగింది. కెప్టెన్ స్పాల్లా అనుకున్న వేళకి పాతిక నిమిషాల ముందే వచ్చాడు. బూట్లు తళతళలాడుతున్నాయి. మెట్లెక్కి, కంతలోంచి తల పైకి పెట్టి, కరెంజోని చూసి ఆగాడు.

"మీరిక్కడ ఏం చేస్తున్నారు?"

"ద్రాక్ష నేర్చుకుంటున్నాను."

"ఈ కేసు నాది."

"అక్టోబరు పన్నెండున మీరు ఈ అటక చూశారు. ఏం చూశారు కెప్టెన్?"

"రిపోర్టులో ఉంది. పద్నాలుగు వరుసలు. లెక్కపెట్టాను. ఇద్దరు మనుషులు వరుస కట్టడానికి అరగంట. నా ముందు ఒకటి విప్పించి, మళ్ళీ కట్టించి గడియారం చూశాను. ఏడు గంటల పని. మధ్యలో అయిదు నిమిషాలు కూడా ఖాళీ లేదు."

"వరుసలు లెక్కపెట్టారు. పండు చూడలేదు."

"పండు చూడ్డానికి నేనేం వ్యాపారినా?"

కరెంజో రెండు గుత్తులూ ఆయన ముందుకు చాచాడు. కెప్టెన్ ముట్టుకోలేదు.

"ఒకటి ఎండింది, ఒకటి ఎండలేదు. ఆ మూల గాలి ఆడదేమో."

"గాలాడకపోతే ఎండదు, ఒప్పుకుంటాను. మరి రంగు? ఆ రంగు చెట్టుమీదే వస్తుంది. ఈ పచ్చిది పందిరి లోపలి పండు. బుర్రున్న రైతు దీన్ని అటకెక్కించడు. మీరొస్తున్నారని తెలిసి ఎక్కించారు."

"ఇది పట్టుకుని మెజిస్ట్రేటు ముందు నిలబడతారా? రెండు ద్రాక్షగుత్తులు?"

"తూకం వేయిస్తాను. తెలిసినవాళ్ళ చేత చెప్పిస్తాను."

"వైను వాసన కూడా తెలియని మీరు." కెప్టెన్ నవ్వాడు. తర్వాత నవ్వు మింగి గొంతు తగ్గించాడు. "కరెంజో, నాలుగు నెలల పని మీద మీరు మట్టి పోస్తున్నారు. వచ్చే నెల బదిలీల జాబితా తయారయ్యేది నా బల్ల మీదే. మీ ఆరోగ్యానికి ఇంకా దూరం ఊరు పడదనుకుంటాను."

"నా ఆరోగ్యం సంగతి తర్వాత. ముందు దీనికి జవాబు చెప్పండి. ముందురోజు కోసిన మంచిపండు పద్నాలుగు వరుసలకి సరిపడా ఉందని వీళ్ళ కాగితంలోనే ఉంది. కట్టింది ఎనిమిదిన్నర. మిగతా పండు, ముప్ఫై పెట్టెలు ఉంటుంది, ఎక్కడికి పోయింది? అమ్మినా, పిండినా ఊళ్ళో తెలిసేది. ఏడాదికొక్కసారి వచ్చే మంచిపండుని ఏ రైతు పారేస్తాడు?"

"తొట్టిలో ఉంది."

ఆ మాట మెట్ల మీంచి వచ్చింది. ముగ్గురూ తిరిగి చూశారు.

ఒరెస్తే అవెట్టా పైమెట్టు మీద నిలబడి ఉన్నాడు. యాభై రెండేళ్ళవాడు, తాటిచెట్టంత మనిషి. అటకలోకి అడుగుపెడుతూనే, మెట్ల దగ్గర వాలుగా దిగిన కప్పుకి తగలకుండా అలవాటుగా మెడ వంచాడు. చేతిలో కత్తెర ఇంకా ఉంది. కరెంజో చెయ్యి చాస్తే ఇచ్చేశాడు.

"తోట పైన మైలుతుత్తం కలిపే పాత తొట్టి ఉంది, వాడకంలో లేదు. అందులో ఉన్నాడు. మీద పండు పోశాను, పైన మట్టి పోశాను." ఊపిరి తీసుకున్నాడు. "నేనే. నాలుగుంపావుకి వచ్చాడు. పందిరంతా పీకేయాలన్నాడు. నాలుగువందల పన్నెండు తీగలు, మా తాత నాటినవి. ఆ మెట్లమీంచి తోశాను. తర్వాత కారు తీసుకెళ్ళి కివాస్సోలో వదిలి రైల్లో వచ్చాను."

"ఒరెస్తే," అంది క్లేలియత్త.

"నువ్వూరుకోమ్మా. అమ్మ అప్పటికే కిందికెళ్ళి పడుకుంది. ఏమీ చూళ్ళేదు. నేనొక్కణ్ణే ఇక్కడ కడుతున్నాను." అతను తల్లి వైపు చూడలేదు. కెప్టెన్ వైపే చూశాడు. "రాసుకోండి సార్. సంతకం పెడతాను."

కెప్టెన్ స్పాల్లా మొహంలో రంగులు రెండు క్షణాల్లో మారిపోయాయి. సంచీలోంచి కాగితాలు తీస్తూ, "నాకు మొదట్నుంచీ వీడిమీద అనుమానమే," అన్నాడు, ఎవరితోనూ కాకుండా. "కిందికి నడు నువ్వు. కరెంజో, మీ రెండు గుత్తులూ సంచిలో వేయించండి. ఉపయోగపడొచ్చు."

ఒరెస్తే దిగేముందు తల్లి దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఆవిడ అతని మణికట్టు పట్టుకుంది. అతను మెల్లగా, ఒక్కో వేలూ విడదీసుకుని దిగిపోయాడు.

కేసు చిక్కు విడిపోయింది. అయినా కరెంజో కిందికి దిగలేదు. కింద కెప్టెన్ ప్రశ్నలు, ఒరెస్తే జవాబులు అస్పష్టంగా వినపడుతున్నాయి. ఏదో ఒక మాట ముల్లులా గుచ్చుకుని ఉండిపోయింది. ఏ మాట?

నేనొక్కణ్ణే ఇక్కడ కడుతున్నాను.

టార్చి వేసుకుని మళ్ళీ సందులోకి దూరాడు. తొమ్మిదో వరుస ముందు నిలబడ్డాడు.

ఎండిన గుత్తులు కింది సగంలో ఉన్నాయి. ఇందాక దాన్ని చూసి, పని సగంలో ఆగింది అనుకున్నాడు. పని సగంలో ఆగితే ఉండాల్సింది పై సగం. ఎప్పుడూ పైనుంచే కడతారు. మిగతా ఎనిమిది వరుసలూ పైనుంచి కట్టినవాడు, నిచ్చెన పక్కనే ఉండగా, అంత పొడుగు మనిషి, తొమ్మిదోది కిందనుంచి ఎందుకు మొదలుపెడతాడు?

నిచ్చెన ఎక్కలేని వాళ్ళైతే అలా కడతారు. అందినంత మేర.

వెనక అడుగుల చప్పుడు. క్లేలియత్త సందులోకి వచ్చింది. ఏమీ అడగకుండానే చట్రం ముందు నిలబడి, కుడిచెయ్యి పైకెత్తింది. మునివేళ్ళు ఆఖరి రాగిరంగు గుత్తికి తగిలి ఆగాయి. దానిపైన ఉన్న పచ్చగుత్తికి జానెడు దూరం మిగిలింది.

 నాలుగు నెలలుగా అందరూ తల్లి కొడుక్కి సాక్ష్యం చెప్పిందనుకున్నారు. సాక్ష్యం చెప్పింది కొడుకు. తల్లి కోసం.

ఆవిడ చెయ్యి దించింది.

"ఆ రాత్రి వాడు నాచేత ఒట్టు వేయించుకున్నాడు," అంది. "వాళ్ళ నాన్న ఫోటో మీద చెయ్యి పెట్టించి. ఈ సంగతి ఇద్దరిలో ఎవ్వరం నోరు విప్పకూడదని. నేను విప్పితే తను ఉరేసుకుంటానన్నాడు. అన్నంత పనీ చేసే రకం. అందుకే నీకు పండు గురించి చెప్పాను. పండు చూసి నువ్వు నన్ను పట్టుకుంటావనుకున్నాను, మరెషాల్లో. వాణ్ణి పట్టుకుంటావనుకోలేదు."

"నేను తొందరపడ్డాను అత్తా."

"వాడే ముందు నోరు విప్పాడు. అబద్ధమైనా సరే, విప్పాడు. ఇక నా ఒట్టు తీరిపోయింది." ఆవిడ చట్రం పట్టుకుని నిలదొక్కుకుంది. "ఆ రోజు నాలుగింటికి కొక్కేలు అయిపోవచ్చాయి. తేవడానికి ఒరెస్తే కింద ఊళ్ళోకి, ఇనప సామాన్ల కొట్టుకి వెళ్ళాడు. మిగిలిన కొక్కేలతో నేను అందినంత మేర కడుతున్నాను. అప్పుడొచ్చాడు ఫుల్వియో, ముందు పందిరంతా తిరిగి చూసి. ఆ కంత దగ్గరే నిలబడి చెప్పాడు. ఎర్ర రిబ్బను చుట్ట చేతిలో ఉంది, పీకేయాల్సిన తీగలకి కడతారే, అది. ఆకు కూడా తెచ్చాడు చూపించడానికి. 'అత్తా, బంగారు తెగులు పట్టింది, పందిరంతా పోవాలి, నన్ను క్షమించు' అన్నాడు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు కూడా. మంచివాడు. అదే నన్ను తినేస్తోంది."

"మీరేం చేశారు?"

"నువ్వు అబద్ధాలకోరువి, ఎవరో మా నేల కోసం నీచేత చెప్పిస్తున్నారు అన్నాను. అతను ఆకు నా చేతిలో పెట్టబోయాడు. రెండు చేతులతో గుండెమీద తోశాను. వెనక మెట్లున్నాయని నాకు తెలుసు. తెలీదని చెప్పను."

కింద కుర్చీ జరిగిన చప్పుడు. కెప్టెన్ గొంతు: "ఇక్కడ, ఇక్కడ కూడా సంతకం పెట్టు."

"రాతినేల మీద పడ్డప్పుడే అతని ఫోన్ ముక్కలైంది. ఒరెస్తే వచ్చేసరికి అయిదయింది. అప్పటికి ప్రాణం లేదు," అంది క్లేలియత్త. "ఇవాళ మీరు కేసు మూసేస్తే ఫుల్వియో భార్య జన్మంతా మొగుడు వదిలేసి పోయాడనే అనుకుంటుంది. మార్కెట్లో ఆడవాళ్ళు ఆమె ముందు అనే మాటలు నేను విన్నాను. ఇక నావల్ల కాలేదు."

కరెంజో నోటుబుక్కు తెరిచాడు.  కొట్టువాడు ఆ రోజు నాలుగుంపావుకి ఒరెస్తేకి కొక్కేలు అమ్మినట్టు చెబితే చాలు, కింద రాస్తున్న కాగితం చెల్లదు. కానీ అది చెల్లనివ్వకుండా చేయడమంటే ఈ ముసలమ్మని ఆ జీపెక్కించడం. నిజం తెలుసుకున్నాక ఇంత దిగులు ఆయనకి ముందెప్పుడూ కలగలేదు.

పెరట్లో జీపు తలుపు పడింది. ఇంజను మోగింది. కరెంజో కిటికీ దగ్గరికి వెళ్ళి, "కెప్టెన్, ఆగండి," అని గట్టిగా పిలిచాడు. జీపు గేటు దగ్గర ఆగింది. వెనక సీట్లోంచి ఒరెస్తే పైకి చూశాడు. కిటికీలో మరెషాల్లో పక్కన తల్లిని చూసి, సంకెళ్ళ చేతులతోనే అద్దం మీద కొట్టడం మొదలుపెట్టాడు. ఏదో అరుస్తున్నాడు. అద్దం వెనక మాట వినపడలేదు, తల మాత్రం అడ్డంగా ఊగుతోంది, వద్దు, వద్దు అని.

క్లేలియత్త కొడుకు వైపు చూస్తూనే మాట్లాడింది.

"ఇంకొకటి కూడా రాసుకో. నెల రోజులుగా ఒరెస్తే తీగలు కత్తిరిస్తున్నాడు. చలికాలానికి కొమ్మ ముదిరి, వంచితే పుటుక్కున విరగాలి. ఈ ఏడు ఒక్కటీ విరగడం లేదు. రబ్బరులా వంగుతున్నాయి. తెగులు పందిరంతా ఉంది. వాడు చూశాడు, నేనూ చూశాను, ఒకళ్ళకొకళ్ళం చెప్పుకోలేదు." ఆవిడ కిటికీ చెక్కని రెండు చేతులతో పట్టుకుంది. "ఫుల్వియో నాతో నిజమే చెప్పాడు, మరెషాల్లో."